కాదనడానికి ఒక గడి

“ఎవరి కొంపనో అమ్మమని ఉత్తరం రాస్తావా? వింటే వాళ్ళేమనుకుంటారే?”

తెనాలి నుంచి మా అమ్మ. 2023 అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున్న. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, పదకొండేళ్ళుగా అద్దెకుంటున్న అపార్ట్‌మెంట్‌లో, వంటింటి బల్ల మీద ముప్ఫై కవర్లు పరుచుకుని కూర్చున్నాను. ఏం చేస్తున్నావంటే ఉన్నమాట చెప్పేశాను. అదే పొరపాటు.

అమ్మ కంగారు ఊరికే వచ్చింది కాదు, మన భాషలోనే ఉంది. ‘ఇల్లు కొనుక్కున్నాడు’, ‘ఇల్లు అమ్ముకున్నాడు’ – క్రియకి తగిలించిన తోక ఒకటే. మొదటిదాంట్లో పాలు పొంగుతాయి. రెండోదాంట్లో అప్పులవాళ్ళొచ్చి అరుగు మీద కూర్చుంటారు. తెనాలిలో ఒకరి గడప తొక్కి “మీ ఇల్లు అమ్ముతారా?” అని అడగడమంటే “మీరు చితికిపోయారట కదా” అన్నట్టే. ఇక్కడ ఇల్లు అమ్మడం కారు మార్చినంత మామూలేనని అమ్మకి నచ్చజెప్పాను. అది సగమే నిజమని నాకు తెలియడానికి ఇంకో రెండు వారాలు పట్టింది.

ఉత్తరాల దాకా ఎందుకొచ్చిందంటే, ఆ ఏడాది కొందామన్నా ఇళ్ళు లేవు. 2021 జనవరిలో ఇక్కడ ముప్ఫై ఏళ్ళూ మారని వడ్డీతో ఇచ్చే ఇంటి అప్పు మీద సగటు రేటు 2.65 శాతానికి దిగింది. 2023 అక్టోబరు చివరికి అది 7.79 అయింది. మూడు శాతం వడ్డీతో హాయిగా ఉన్నవాడు ఆ ఇల్లు అమ్మి, దాదాపు ఎనిమిది శాతం పెట్టి ఇంకోటి ఎందుకు కొంటాడు? కదలడు. అమ్మకానికి వచ్చిన ఒకటీ అరా ఇంటి ముందు శనివారం తిరణాల. సోమవారానికి అడిగినదానికంటే ఎక్కువకి ఎవరో ఎగరేసుకుపోయేవాళ్ళు. మేము ఆరిళ్ళకి ఆఫర్ పెట్టాం, ఆరూ పోయాయి. పైగా మాకు జేపీ స్టీవెన్స్ హైస్కూలు పరిధిలోకి వచ్చే వీధులే కావాలి. అమ్మాయి అప్పటికే ఏడో తరగతి. బోర్డు పెట్టని ఇళ్ళవాళ్ళకే నేరుగా ఉత్తరం రాసి చూడమని ఎవరో సలహా ఇచ్చారు. ఎవరి ఇల్లు ఏది, ఎప్పుడు కొన్నారు, ఎంతకి కొన్నారు, పన్నెంత కడుతున్నారు – ఇక్కడ ఇవన్నీ చాలావరకు బహిరంగ రికార్డులే. టీ తాగుతూ వీధి వీధంతా చదివేయొచ్చు.

నా గురించి ఒక మాట చెప్పాలి. నేను మొహమాటస్తురాలిని. హోటల్లో కూరలో ఉప్పెక్కువైతే నీళ్ళు తాగి ఊరుకునే రకం. ఆఫీసులో నాలుగేళ్ళు జీతం పెంచమని అడగలేదు. పని చూసి వాళ్ళే పెంచుతారులే అనుకున్నాను, వాళ్ళకి ఆ తొందరేమీ కనబడలేదు. మొహమాటాన్ని మనం సుగుణాల లెక్కలో వేసుకుంటాం. పెళ్ళిచూపుల్లో కూడా పనికొచ్చే మాట అది. నిజానికి మొహమాటంలో మర్యాద ఎంతుందో అహంకారమూ అంతే ఉంది. అడిగితే కాదంటారేమో, కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అన్నదే దాని గుట్టు. ఎదుటివాళ్ళ ఇబ్బంది గురించి ఆలోచిస్తున్నామనుకుంటాం గానీ ఆలోచనంతా మన మొహం చుట్టూనే.

‘అడగందే అమ్మైనా పెట్టదు’ అని మనకే సామెత ఉంది. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఆ సామెతకి ఇంజను బిగిస్తాయి. అడుగు, మళ్ళీ అడుగు, పదోసారి కాదంటే పదకొండోసారి అడుగు. నేను ఆ పుస్తకాలు చాలా చదివాను, కొన్ని నాకు మేలూ చేశాయి. కానీ మొహమాటస్తుడు వాటిని చదివి మారడం మొదలుపెడితే ఒక ప్రమాదం ఉంది. నోరు తెరవనివాడు ఒక్కసారిగా జిడ్డులా పట్టుకునేవాడవుతాడు. రెంటికీ నడుమ ఉన్న మెట్టు అతనికి కనబడదు. నాకూ కనబడలేదు.

ఆ ముప్ఫై ఉత్తరాలూ అలా రాసినవే. రాసినవి అనకూడదు. ఇళ్ళు చవగ్గా కొని లాభానికి అమ్మేవాళ్ళ వీడియోలు నాలుగు చూసి, వాళ్ళ నమూనా దించాను. ఆ వ్యాపారంలో దాన్ని ఎల్లో లెటర్ అంటారు: గీతల పసుపు కాగితం మీద చేత్తో రాసినట్టు కనిపించే అక్షరాలు. చేతిరాతలా ఉండే ఫాంటు కంప్యూటర్లో దొరుకుతుంది. “నమస్కారం, మీ ఇల్లు చూశాను, చాలా నచ్చింది, నగదు ఇచ్చి కొంటాను, ఫోన్ చేయండి.” అంతే. ఎవరి ఇల్లైనా ఒకటే మాట. ఎవరికి పంపాలో కూడా ఆ వీడియోలే చెప్పాయి. కారేసుకుని వీధులు తిరిగి గడ్డి కోయని ఇళ్ళు, రంగు పెచ్చులూడిన ఇళ్ళు, ఉత్తరాలతో నిండిపోయిన పోస్ట్‌బాక్సులు గుర్తుపెట్టుకోవాలట. దానికి డ్రైవింగ్ ఫర్ డాలర్స్ అని ముద్దు పేరు. మా ముప్ఫైలో పన్నెండు చిరునామాలు అలా రెండు సాయంత్రాలు తిరిగి ఏరుకొచ్చినవి. మావారు డ్రైవింగ్, నేను నోట్‌బుక్కు. అప్పుడది పిక్నిక్‌లా ఉందని ఒప్పుకోవాలి.

పదిరోజులకి రెండు ఫోన్లొచ్చాయి. మొదటాయన తిట్టాడు, పెట్టేశాడు. రెండోది ఒకావిడ. గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది.

“ఈ వారంలో మీరు పదకొండోవాళ్ళు” అంది. “నా పేరు మీకెక్కడ దొరికింది?”

రికార్డుల్లో అన్నాను. గడ్డి పెరిగి ఉందని చూశాం అనలేకపోయాను. ఆవిడే చెప్పింది. భర్త ఉద్యోగం పోయింది, తర్వాత ఆయనా వెళ్ళిపోయాడు, బ్యాంకు కోర్టులో కేసు వేసింది. న్యూజెర్సీలో ఇల్లు జప్తు చేయాలంటే బ్యాంకు కోర్టుకి వెళ్ళాల్సిందే. కేసు వేసిన రోజునుంచీ అది బహిరంగ కాగితం. ఆ కాగితాలు ఏరి జాబితాలుగా అమ్మేవాళ్ళున్నారు, కొనేవాళ్ళున్నారు. “మీరంతా చాలా చక్కగా రాస్తారు, నా ఇల్లు అందరికీ నచ్చిందట” అని చిన్నగా నవ్వి పెట్టేసింది.

అప్పుడు గుర్తొచ్చింది అమ్మ మాట. ఇళ్ళు అమ్మేవాళ్ళు ఎవరా అని కాదు నేను వెతికింది. అమ్ముకునేవాళ్ళు ఎవరా అని. జప్తు కేసులు, పన్ను బకాయిలు, విడాకులు, ఇంటిపెద్ద పోయిన ఇళ్ళు – ఆ వ్యాపారంలో జాబితాల పేర్లన్నీ ఎవరో ఒకరి కష్టాల పేర్లే. ఆ జాబితా కొననక్కరలేకుండా నేను నా కళ్ళతోనే తయారుచేశాను. అవన్నీ మోసాలని అనను. కష్టంలో ఉన్నవాడికి త్వరగా కొనేవాడు దొరకడం మేలయ్యే సందర్భాలూ ఉంటాయి. కానీ నాది మేలు చేసే ఉద్దేశం కాదు. కాదనలేని స్థితిలో ఉన్నవాళ్ళైతే చవగ్గా వస్తుందన్న లెక్క. కాదనే వీలు లేనివాళ్ళని అడగడం అడగడమే కాదు. దానికి వేరే పేరుంది, అది ఇక్కడ రాయను.

నెలరోజులు ఉత్తరాల మాట ఎత్తలేదు.

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు జాబితా తిరగేశాను. ఈసారి నేను రోజూ నడిచే వీధులు మాత్రమే. బాగోగులు చూసుకుంటున్న ఇళ్ళు, తాపీగా కాదనగలిగినవాళ్ళ ఇళ్ళు. తొమ్మిది తేలాయి. కలం పట్టుకుంటే ఇంకో గుంటలో పడ్డాను. ఉత్తరం నిండా మేమే. మేము కష్టపడి పైకొచ్చినవాళ్ళం, దైవభక్తి గలవాళ్ళం, మాకు ముద్దులొలికే ఇద్దరు పిల్లలు, మీ పెరట్లో వాళ్ళు ఆడుకుంటుంటే చూడాలని ఉంది… రెండు పేజీలు. ఇళ్ళ ఏజెంటుగా పనిచేసే స్నేహితురాలు చదివి, ఎర్ర పెన్నుతో సగం కొట్టేసింది.

ఇలాంటివాటికి ఇక్కడ లవ్ లెటర్స్ అని పేరు. కొనేవాళ్ళు తమ కుటుంబాన్ని వర్ణించి అమ్మేవాళ్ళ మనసు కరిగించే ఉత్తరాలు. చూడ్డానికి అమాయకంగా ఉంటాయి. కానీ అమ్మేవాడు ‘వీళ్ళు మా మతంవాళ్ళు, మాలాంటి కుటుంబం’ అని చూసి ఒకరికి మొగ్గితే, అదే కారణంతో ఇంకొకరికి తలుపు మూసినట్టు. మతాన్నిబట్టి, జాతినిబట్టి, పిల్లలున్నారా లేదా అన్నదాన్నిబట్టి ఇల్లు ఇవ్వడం, ఇవ్వకపోవడం ఇక్కడి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఒప్పుకోదు. అందుకే ఒరెగాన్ రాష్ట్రం 2021లో ఈ ఉత్తరాల మీద నిషేధం పెట్టింది; భావప్రకటన స్వేచ్ఛకి అడ్డమని 2022లో ఫెడరల్ కోర్టు దాన్ని ఆపింది. చట్టం సంగతి అలా ఉంచితే, నాకు తగిలింది స్నేహితురాలి మాట. “ఇందులో ఆయన ఇంటి గురించి ఒక్క వాక్యం లేదు. ఇది ఉత్తరం కాదు, నీ బయోడేటా.”

నిజమే. అర్థించేటప్పుడు మనం చేసే మొదటి పని మన కష్టం చెప్పుకోవడం. సెలవు అడిగేవాడు తన తలనొప్పి వర్ణిస్తాడు, అప్పు అడిగేవాడు ఇంట్లో పరిస్థితి. వినేవాడి తలలో ఆ క్షణాన ఏముందో పట్టదు. రెండు పేజీలు చింపేసి చివరికి రాసింది ఇంతే. ఇంగ్లీషులో రాసినదాని సారం తెలుగులో చెబుతున్నాను:

“రోజూ సాయంత్రం మీ వీధిలో నడుస్తుంటాను. చలికాలంలో గోనెపట్టా చుట్టుకుని, నెత్తిన బకెట్టు బోర్లించుకుని మీ పెరటి గోడ పక్కన నిలబడే చెట్టుని మొదటిసారి చూసి ఎవరో మనిషనుకున్నాను. ఈ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కోవాలని చూస్తున్నాం. ఏజెంట్లం కాదు, కొని మారుబేరానికి అమ్మేవాళ్ళమూ కాదు. ఎప్పుడైనా అమ్మాలనుకుంటే మాకో మాట చెప్పండి. ధర మీరు నమ్మిన అప్రైజర్ చేత కట్టించవచ్చు, ఆ ఖర్చు మాది. మీ తరఫున మీ అటార్నీ చూసుకోవచ్చు. ఆ ఆలోచన లేకపోతే దీన్ని పట్టించుకోకండి. మళ్ళీ రాయం.”

ఒక్కో ఇంటికి ఆ మొదటి రెండు వాక్యాలు వేరు. ఒకరి ఇంటి ముందు నీలం రంగు బెంచీ, ఇంకొకరి కిటికీలో ఎప్పుడూ పడుకుని ఉండే పిల్లి. రాయడానికి ఏమీ దొరకని ఇంటికి పంపలేదు. మూడేళ్ళు నడిచిన వీధిలో ఒక ఇంటి గురించి ఒక్క వాక్యం కూడా చెప్పలేనంటే ఆ ఇల్లు అడిగే హక్కు నాకెక్కడిది?

కవరులో ఒక పోస్టుకార్డు కూడా పెట్టాను, మా చిరునామా రాసి, స్టాంపు అంటించి. కార్డు మీద మూడు గడులు. ఒకటి: మాట్లాడదాం. రెండు: ఇప్పుడు కాదు, ఫలానా సమయంలో అడగండి. మూడు: అమ్మే ఉద్దేశం లేదు. మూడో గడిని మిగతా రెంటికంటే పెద్దదిగా గీశాను. మావారు చూసి, “కాదనమని నువ్వే బతిమాలుతున్నావేంటి?” అన్నారు. ఆయనకి స్టాంపుల ఖర్చు మీద కూడా అభ్యంతరం. నడిచివెళ్ళి డబ్బాలో వేసేస్తే పోలా అని. ఇక్కడ పోస్ట్‌బాక్సు ఇంటివాళ్ళు కొనుక్కున్నదే అయినా స్టాంపు లేని కాగితం అందులో పెట్టడం ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు. కవరుకి 66 సెంట్లు, కార్డుకి 51. మొత్తం 1 డాలరు 17 సెంట్లు. ఒక మనిషిని మర్యాదగా అడగడానికి ఆ ఏడాది అయిన ఖర్చు.

ఆ పెద్ద గడి వెనక ఒక సంగతి ఉంది. 2000లో ఫ్రాన్స్‌లో నికొలా గెగెన్, అలెగ్జాండ్ర్ పాస్కువల్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు వీధిలో అపరిచితుల్ని బస్సు చార్జీకి చిల్లర అడిగించారు. మామూలుగా అడిగితే నూటికి పదిమంది ఇచ్చారు. అదే మాటకి చివర “ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం” అని కలిపితే 47 మందికి పైగా ఇచ్చారు. దీని పక్కన ఇంకో పాత ప్రయోగం పెట్టి చూడండి. 1966లో కాలిఫోర్నియాలో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ ఇళ్ళవాళ్ళని వాళ్ళ ఇంటి ముందు ‘జాగ్రత్తగా నడపండి’ అన్న పెద్ద వికారమైన బోర్డు పాతుకోనివ్వమని అడిగించారు. నేరుగా అడిగితే ఒప్పుకున్నది నూటికి 17 మంది. రెండు వారాల ముందే అదే సంగతి మీద ఓ చిన్న స్టిక్కరులాంటి బోర్డు పెట్టించుకున్నవాళ్ళలో 76 మంది ఒప్పుకున్నారు. ముందు వేలు పట్టుకుని తర్వాత చెయ్యి లాగడం. అమ్మకాల శిక్షణల్లో రెండోదాన్ని కథలు కథలుగా చెబుతారు, మొదటిదాని ఊసు నేను ఎక్కడా వినలేదు.

అయితే ఒక తిరకాసు ఉంది. ‘మీ ఇష్టం’ అంటే పని జరుగుతుందట కాబట్టి ‘మీ ఇష్టం’ అంటే, అది మళ్ళీ వేలు పట్టుకోవడమే. ఆ కార్డు గీస్తున్నప్పుడు నా మనసులో ఏ మేరకు మర్యాద, ఏ మేరకు ఎత్తుగడ ఉన్నాయో ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను. తేడా తేలేది కార్డు తిరిగొచ్చాక. మూడో గడిలో టిక్కు చూసి మళ్ళీ ఉత్తరం రాయాలనిపిస్తే అది ఎత్తుగడ. కార్డు డ్రాయర్లో పెట్టి ఊరుకోగలిగితే, పోనీ, కొంచెమైనా మర్యాదే.

నాలుగు కార్డులొచ్చాయి. మూడింట మూడో గడి. పిల్లి ఇంటివాళ్ళు టిక్కు పక్కన పిల్లి పేరు రాసి పంపారు. నాకు ఆశ్చర్యం కలిగించినదేమిటంటే, ఆ మూడు ‘కాదు’లూ నన్నేమీ చేయలేదు. ఆఫర్లు పోయిన ఆరుసార్లూ రెండేసి రోజులు అన్నం సయించలేదు. ఇక్కడ అలా కాలేదు. కాదనడానికి చోటు నేనే పెట్టాను కాబట్టి ఆ మాట బయటనుంచి వచ్చి తగిలినట్టు లేదు, ఇంట్లోంచి తలుపు తీసుకుని వచ్చినట్టుంది. జీతం సంగతి ఆ తర్వాతి నెలలోనే అడిగాను, ఇదే పద్ధతిలో. ఎంత కావాలో, ఎందుకో, కుదరకపోతే ఎప్పుడు మళ్ళీ మాట్లాడొచ్చో. అడిగినంత రాలేదు. సగం వచ్చింది.

నాలుగో కార్డులో ఏ గడీ నింపలేదు. దాని మీద ఫోన్ నంబరు, పక్కన ఒకే మాట: అంజూర.

ఫోన్ చేశాను. గోనెపట్టా చెట్టు పెద్దాయన. ఎనభై దాటాయి, ఇటలీ నుంచి వలసొచ్చినవాళ్ళ బిడ్డ. ఈ రాష్ట్రంలో ఇటాలియన్ల పెరట్లో అంజూర చెట్టు ఉండటం, మనవాళ్ళ ఇంట్లో కరివేపాకు కుండీ ఉండటం ఒకటే. చలికి చచ్చిపోకుండా థాంక్స్‌గివింగ్ నాటికి కొమ్మలు కట్టేసి, పట్టా చుట్టి, లోపలికి వాన దిగకుండా పైన బకెట్టు బోర్లిస్తారు. ఏప్రిల్‌లో విప్పుతారు. మా కరివేపాకు చలికాలమంతా హాల్లో కిటికీ పక్కన ఉంటుందని చెప్పాను. నలభై నిమిషాలు మాట్లాడాడు. ఇల్లు అమ్మడని మొదటి నిమిషంలోనే చెప్పేశాడు.

“ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు” అన్నాడు. “న్యూఅర్క్‌లో మా నాన్నకి వచ్చేవి.”

1960లలో న్యూఅర్క్‌లో వాళ్ళ వీధికి ఏజెంట్ల నుంచి ఉత్తరాలు, ఫోన్లు. మీ పక్క వీధిలోకి నల్లవాళ్ళు వస్తున్నారు, ధరలు పడిపోతాయి, ఇప్పుడే అమ్మేయండి అని. భయపెట్టి చవగ్గా కొని, అదే ఇంటిని ఎక్కువ ధరకి నల్ల కుటుంబానికి అంటగట్టేవాళ్ళు. రెండు వైపులా దోపిడీ. దానికి బ్లాక్‌బస్టింగ్ అని పేరు. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చాకే అది దేశమంతటా చట్టవిరుద్ధమైంది. భయం ఎంత లోతుగా దిగిందంటే, ఇదే రాష్ట్రంలో విల్లింగ్‌బరో అనే ఊరు 1974లో ఇళ్ళ ముందు ‘అమ్మకానికి’ బోర్డులు పెట్టడాన్నే నిషేధించింది, బోర్డు చూసి ఇంకొకరు బెదిరి అమ్మేస్తారని. 1977లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. పెద్దాయన నాన్న మాత్రం అంతకు చాలా ముందే, 1967 అల్లర్ల తర్వాత అమ్ముకున్నాడు. పెద్దాయన ఇంగ్లీషులోనే చెప్పాడు. నా చెవికి వినబడింది ఆ తోక ఉన్న క్రియే. అమెరికాలో ఇల్లు అమ్మడం కారు మార్చడంలాంటిదేనని అమ్మకి చెప్పాను చూశారూ, ఆ మాట నాలుక మీదే ఎండిపోయింది.

“నీ ఉత్తరంలో భయం లేదు. అందుకే నంబరు పంపాను” అన్నాడు.

ఎందుకు అమ్మడో కూడా చెప్పాడు, నేను అడక్కుండానే. 1971లో ముప్ఫై వేల డాలర్ల లోపు కొన్న ఇల్లు. ఇప్పుడు ఆరు లక్షల పైమాట. సొంతంగా ఉంటున్న ఇల్లు అమ్మితే ఒంటరి మనిషికి 2,50,000 డాలర్ల లాభం దాకా పన్ను లేదు, దంపతులకైతే 5,00,000. 1997లో పెట్టిన అంకెలు, ఇప్పటికీ అవే. భాగస్వామి పోయిన రెండేళ్ళలోపు అమ్మితే మిగిలినవాళ్ళకీ ఆ ఐదు లక్షలు వర్తిస్తాయి. ఆయన భార్య 2019లో పోయింది. ఆ రెండేళ్ళూ ఆవిడ గదిలో బీరువా తెరవడానికే చేతులు రాలేదట, ఇక ఇల్లెక్కడ అమ్ముతాడు? ఇప్పుడైతే ఆయన తదనంతరం పిల్లలకి వెళ్ళినప్పుడు ఇంటి విలువని ఆనాటి ధరకే లెక్కగడతారు. అన్నేళ్ళు పెరిగిన లాభం మీద వాళ్ళు పన్ను కట్టక్కరలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళు మూడు గదులు మూసేసి ఒక గదిలో ఎందుకు ఉండిపోతున్నారో నాకు అర్థం కాలేదు అంతవరకు. పిసినారితనమో మొండితనమో అనుకునేదాన్ని. ఒక మనిషి ‘కాదు’ వెనక చట్టం ఉంటుంది, లెక్క ఉంటుంది, తెరవని బీరువా ఉంటుంది. వాటిల్లో ఏ ఒక్కటీ నన్ను ఉద్దేశించింది కాదు.

ఏప్రిల్‌లో రమ్మన్నాడు. వెళ్ళాం. పట్టా విప్పడానికి మావారు నిచ్చెన పట్టుకున్నారు. మొదలు పక్కన మొలిచిన పిలకొకటి వేళ్ళతో సహా తవ్వి మాకిచ్చాడు. ఆ చెట్టు న్యూఅర్క్ పెరటినుంచి తెచ్చిన కొమ్మట, న్యూఅర్క్‌ది వాళ్ళ తాత ఓడలో తెచ్చిందట. ఓడ సంగతి ప్రతి ఇటాలియనూ చెప్తాడని స్నేహితురాలు నవ్వింది. కార్డు మాట ఎవరమూ ఎత్తలేదు.

2025 మార్చిలో ఇల్లు కొన్నాం. ఉత్తరంతో కాదు, బోర్డు చూసి, అందరితోపాటు వరసలో నిలబడి, ఏడో ఆఫర్లో. ఉత్తరాలవల్ల ఇల్లు దొరికిందని రాస్తే ఈ వ్యాసం ఇంకా బాగుండేది, కానీ దొరకలేదు. పాత ఇళ్ళ పెరట్లో నేలకింద, ఇల్లు వెచ్చబెట్టడానికి వాడే నూనె ట్యాంకులు పూడ్చి ఉంటాయని పరికరంతో వెతికిస్తారు ఇక్కడ. మాకు ట్యాంకు దొరకలేదు, వంటింటి కుళాయి మాత్రం గృహప్రవేశం నాడే ఊడింది. అంజూర పిలక కుండీలోంచి పెరట్లోకి మారింది.

ఆ నవంబరులో పెద్దాయన ఫోన్. కూతురు దక్షిణాదికి, తన దగ్గరికి వచ్చేయమంటోంది. మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు. “డ్రాయర్లో నీ ఉత్తరం ఉంది. ఏజెంటుని పిలిచే ముందు నిన్నడగాలి కదా. ఇంకా చూస్తున్నారా?”

ఎనిమిది నెలల క్రితమే కొనేశామన్న ఒక్క వాక్యం చెప్పాలి. నోరు రాలేదు. రెండేళ్ళు ఆ ఉత్తరం దాచినవాడికి, పిలక ఇచ్చినవాడికి, అందరికంటే ముందు నన్నడిగినవాడికి కాదని ఎలా చెప్పను? “మావారితో మాట్లాడి చెప్తాను” అన్నాను. మాట్లాడటానికి ఏముంది? తొమ్మిది ఇళ్ళవాళ్ళకి మొహమాటపడకుండా కాదనమని పెద్ద గడి గీసిచ్చినదాన్ని, నా వంతు వచ్చేసరికి రెండో గడిలో దాక్కున్నాను. అడగడం నేర్చుకున్నాననుకున్నాను. కాదనడం ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు. ఆలోచిస్తే, జన్మంతా అడగలేకపోయినదీ అందుకేనేమో. నేను కాదనలేను కాబట్టి ఎదుటివాళ్ళూ కాదనలేరనుకున్నాను. అడిగితే వాళ్ళని ఇరికించినట్టేనని.

రాత్రి అమ్మకి చెప్పాను. “ఆ ముసలాయన నీకోసం ఏజెంటుని పిలవకుండా కూర్చుంటాడే పిచ్చిదానా. చెప్పకపోవడం మర్యాద ఎట్లా అవుద్ది?” అంది.

పొద్దున్నే ఫోన్ చేశాను. “మేము మార్చిలో ఇల్లు కొన్నాం. నిన్ననే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. మీ ఇల్లు తీసుకోలేం.”

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు.

“పెరడుందా?”

“ఉంది.”

“ఎండ?”

“దక్షిణం వైపు. మధ్యాహ్నం దాకా పడుతుంది.”

“బకెట్టు పెట్టావా?”

“లేదు” అన్నాను. ఈసారి వెంటనే.